పైజామా తరహా సెట్లు పగలు వేసుకుంటే నైట్‌డ్రెస్‌లా కనిపించకూడదంటే ఏం చూడాలి?

నీలిమబ్బు

నమస్కారం. ఒకే బట్టతో కుట్టిన వదులైన చొక్కా, దానికి జోడీగా వదులైన ప్యాంటు, రెండూ కలిపి కో-ఆర్డ్ సెట్ అనే పేరుతో వస్తున్న దుస్తుల గురించి అనుభవం ఉన్నవారి సలహా కోరుతున్నాను. వాటిలోనూ నా ప్రశ్న ప్రత్యేకంగా పైజామా పోలిక ఉన్నవాటి గురించి. మడత కాలరు, ముందు గుండీలు, ఛాతీ మీద ఒక జేబు, నడుముకు ఎలాస్టిక్ లేదా నాడా, కొన్నింటికి అంచుల వెంట సన్నని పైపింగ్, అంటే అంచు కుట్టులో కలిపి కుట్టిన సన్నని బట్ట గీత ఉండే రకం. బిగుతైన జీన్సు, నడుము నొక్కే ప్యాంట్లు పక్కన పెట్టి కొంతకాలంగా బయటికి కూడా వీటినే వేసుకుంటున్నాను. ఒంటికి హాయిగా ఉంటాయి, దేని మీదకు ఏది నప్పుతుందని పొద్దున్నే బీరువా ముందు నిలబడి ఆలోచించే పనీ తప్పుతుంది.

నా సందేహం ఇది. ఒక సెట్ వేసుకున్న రోజు ఎక్కడ తీసుకున్నారని అడుగుతారు, మరొకటి వేసుకున్న రోజు ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు. మొదటిది లినెన్, నూలు కలిసిన ముదురు ఆకుపచ్చ బట్ట. రెండోది నేవీ బ్లూ మీద చిన్న పూల ప్రింటు ఉన్న విస్కోస్ (రేయాన్ రకం బట్ట), కాలరుకూ, జేబుకూ, చేతుల అంచులకూ, కాళ్ల అంచులకూ తెల్ల పైపింగ్ ఉంది. కొలతలు రెండింటివీ ఒకటే, చూడడానికి కుట్టు కూడా దాదాపు ఒకటే. అయినా ఒకటి బయటి దుస్తుల్లాగా, ఇంకొకటి పక్క మీది నుంచి లేచి వచ్చినట్టుగా ఎందుకు కనిపిస్తోంది? ఈ తేడా బట్టలో ఉందా, కుట్టులో ఉందా, లేక వేసుకునే తీరులో ఉందా? వారంలో సగం రోజులు ఆఫీసుకు వెళ్లాలి కనుక అక్కడికి ఇలాంటివి నప్పుతాయో లేదో కూడా తెలిసినవారు చెప్పగలరు.

కత్తెరమాట

నీలిమబ్బు గారూ, దుస్తులు కత్తిరించి కుట్టే పనిలో ఉన్నాను కాబట్టి ఆ వైపు నుంచే జవాబు చెబుతాను. మీరు వేసుకునే తీరులో తప్పేమీ లేదు. తేడా ముందు బట్టలో ఉంది, తర్వాత పైకి కనిపించని కుట్టులో ఉంది.

బట్ట సంగతి మొదట చూద్దాం. పక్క మీద వేసుకునే బట్ట ఒంటికి తగిలీ తగలనట్టు ఉండాలి కనుక పలుచగా, మెత్తగా నేస్తారు. బయటికి వేసుకునే బట్ట ఒంటి ఆకారానికి లొంగిపోకుండా తన ఆకారంలో తాను కొంత నిలబడాలి. దీనికి చదరపు మీటరు బరువు ఒక మంచి గుర్తు. పట్టు బరువును మోమీ అనే కొలతలో చెబుతారు. ఒక మోమీ అంటే చదరపు మీటరుకు సుమారు 4.34 గ్రాములు కాబట్టి, రాత్రి దుస్తులకు ఎక్కువగా వాడే 19 మోమీల పట్టు 82 గ్రాముల దగ్గర తేలుతుంది. ప్యాంట్లకు పనికొచ్చే లినెన్ సాధారణంగా 150 గ్రాములు, అంతకు పైనే ఉంటుంది. ఒకే నమూనా కాగితం పెట్టి ఈ రెండింటినీ కత్తిరిస్తే మొదటిది తుంటి మీద అంటుకుని లోపలి బట్టల అంచులన్నీ చూపిస్తుంది, రెండోది భుజం నుంచి నేరుగా కిందికి దిగుతుంది. మీ ఆకుపచ్చ సెట్ చేస్తున్న పని ఇదే.

గ్రాములు లేబుల్ మీద చాలాసార్లు ఉండవు. అప్పుడు ప్యాంటులో ఒక పొర బట్టను మాత్రమే తీసి, దాని వెనక అరచేతిని పెట్టి, వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. వేళ్ల మధ్య సందులు విడివిడిగా కనిపిస్తే అది ఇంట్లోకే. చేతి నీడ మాత్రమే కనిపిస్తే బయటికి పనికొస్తుంది. ఆ తర్వాత అదే చోట గుప్పెట్లో గట్టిగా నలిపి వదలండి. ముడతలు పడడం పెద్ద దోషం కాదు, లినెన్ ఎప్పుడూ ముడత పడుతుంది, దానికి అదొక అందం కూడా. కానీ ఆ ముడత పెద్దదిగా, వంపు తిరిగినట్టుగా ఉందా, లేక సన్నసన్న గీతలుగా నలిగిన కాగితంలా ఉందా అన్నది గమనించాలి. ఆ గీతలు పడే బట్ట ఒక గంట కూర్చుని లేచేసరికి రాత్రంతా దానితోనే పడుకున్నారన్న భావన కలిగిస్తుంది. పలుచని విస్కోస్‌తో వచ్చే ఇబ్బంది ముఖ్యంగా ఇదే.

మెరుపు కూడా లెక్కలోకి వస్తుంది. శాటిన్ నేతలో పడుగు (నిలువు) దారాలు నాలుగైదు పేక (అడ్డు) దారాల మీదుగా పొడవుగా తేలుతూ పోతాయి. ఆ నున్నని తలం వెలుతురును ఒకే వైపు తిప్పి కొడుతుంది కాబట్టి ఒంటి మీద ప్రతి వంపూ, పొట్ట దగ్గర ప్రతి మడతా ఎత్తి చూపినట్టు కనిపిస్తాయి. క్రేప్‌లో దారానికి మెలి ఎక్కువ, తలం సన్నగా గరుకుగా ఉంటుంది, వెలుతురు చెదిరిపోతుంది. అదే రంగు, అదే కుట్టు ఉన్నా క్రేప్ హుందాగా కనిపించడానికి కారణం ఇది. పట్టు పోలికే కావాలనుకునేవారు పగటికి శాటిన్ బదులు క్రేప్ తీసుకుంటే సగం చిక్కు తీరిపోతుంది.

ఇక కుట్టు. నడుము దగ్గర చూడండి. నైట్‌డ్రెస్‌కు బట్టను చుట్టూ మడిచి, ఆ గొట్టంలో ఎలాస్టిక్ దూర్చి వదిలేస్తారు. దానితో కుచ్చులు చుట్టూ సమానంగా పడి, పొట్ట మీద కూడా ఉబ్బుతాయి. పగటి కోసం ఆలోచించి కుట్టిన ప్యాంటుకు ముందు భాగంలో చదునైన పట్టీ ఉంటుంది, ఎలాస్టిక్ వెనక సగానికే ఉంటుంది. ముందు నుంచి చూసేవారికి అది మామూలు ప్యాంటే, కూర్చున్నప్పుడు వెనక సాగుతుంది. పక్క కుట్టులో లోతైన జేబులు ఉన్నాయా అన్నది రెండో ప్రశ్న. జేబులు లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మనిషి నిలబడే తీరే మారిపోతుంది. జేబులు ఉండి బట్ట పలుచగా ఉంటే 200 గ్రాముల ఫోను చాలు, ప్యాంటు ఒక పక్కకు జారినట్టు వేలాడడానికి.

చొక్కాలో నేను మొదట చూసేది భుజం. వదులు ఒంటి దగ్గర ఉండాలి కానీ భుజం దగ్గర ఉండకూడదు. కావాలని భుజం జార్చి కుట్టే రకం వేరే, అది చంక దగ్గర కూడా అందుకు తగ్గట్టు కత్తిరించి ఉంటుంది. మామూలుగా ఒక సైజు పెద్దది తీసుకుంటే భుజం కుట్టు కిందికి దిగి, చేతులు పొడవై, ఎవరిదో చొక్కా అరువు తెచ్చుకున్నట్టు ఉంటుంది. కాలరు లోపల బక్రం, అంటే బిగువు కోసం వేసే గట్టి గుడ్డ, వేశారో లేదో రెండు వేళ్లతో నొక్కి చూస్తే తెలిసిపోతుంది. రాత్రి దుస్తులకు బక్రం వేయరు, మెడకు గుచ్చుకుంటుందని. అందుకే రెండుమూడు ఉతుకులకే ఆ కాలరు తడి ఆకులా వాలిపోతుంది. సన్నని బక్రం వేసిన కాలరు మెడ దగ్గర లేచి నిలబడుతుంది, ముఖం చుట్టూ ఒక చట్రం ఏర్పడుతుంది. చూసేవారి చూపు మొదట పడేది అక్కడే.

కాలి అంచు బూటు మీద లేదా పాదం మీద ఒక్కసారి తాకి ఆగాలి. మడమ కింద నలుగుతుంటే మిగిలిన జాగ్రత్తలన్నీ వృథా.

ముక్కుసూటి

ఇంత చర్చ అవసరమా అనిపిస్తోంది. నైట్‌డ్రెస్ పోలిక ఉన్న బట్టలు కొనడం ఎందుకు, కొన్నాక అది నైట్‌డ్రెస్‌లా కనిపించకూడదని తాపత్రయపడడం ఎందుకు? మామూలు వదులు ప్యాంటు, మామూలు చొక్కా వేసుకుంటే ఈ గొడవే ఉండదు. బద్ధకానికి ఫ్యాషన్ అనే పేరు పెట్టి అమ్ముతున్నారని నా అభిప్రాయం. ఎవరినీ నొప్పించాలని కాదు.

పాతపుటలు

ముక్కుసూటి గారూ, మీ ప్రశ్న సబబైనదే కానీ మీరు అనుకుంటున్నంత కొత్తది కాదు. దీనికి నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది, ఆ చరిత్రలో నీలిమబ్బు గారి ప్రశ్నకు కూడా కొంత సమాధానం దొరుకుతుంది.

పైజామా పుట్టుకతోనే పక్క దుస్తు కాదు. అది భారతదేశంలోనూ పశ్చిమాసియాలోనూ ఆడా మగా పగలు వేసుకున్న వదులు కాలిదుస్తు. ఇక్కడికి వచ్చిన ఐరోపావాసులు దాన్ని ఇంట్లో విశ్రాంతికి వాడుకుని తమ వెంట తీసుకుపోయారు. దాదాపు 1870ల నుంచి బ్రిటన్‌లో మగవారు పొడవాటి రాత్రి అంగీకి బదులుగా పైజామా జతను వేసుకుని నిద్రపోవడం వ్యాపించింది. అంటే పగటి బట్ట రాత్రిలోకి వెళ్లింది. ఆ తర్వాత మళ్లీ పగట్లోకి రావడానికి అట్టే కాలం పట్టలేదు. పారిస్‌లో పాల్ పొయ్‌రే అనే రూపకర్త 1911 నాటికే ఆడవారికి పైజామా పోలికలో బయటి దుస్తులు రూపొందించారు. 1920లలో, 1930లలో ఫ్రాన్సు దక్షిణ తీరంలోనూ వెనిస్ దగ్గరి లీడో తీరంలోనూ బీచ్ పైజామాలు విపరీతంగా నడిచాయి. ఫ్రెంచి రూపకర్త కోకో షనెల్ స్వయంగా వాటిని వేసుకుని వాటికి పేరు తెచ్చారు. ఆడవాళ్లు ప్యాంటు వేసుకోవడమే వింతగా చూసే రోజుల్లో సముద్రతీరం ఆ వెసులుబాటు ఇచ్చింది.

1960లో ఇరేన్ గలిట్జీన్ అనే రూపకర్త ఫ్లారెన్స్ ప్రదర్శనలో వెడల్పాటి కాళ్లతో, మెత్తటి పట్టుతో సాయంత్రపు విందులకు వేసుకునే పైజామాలను చూపించారు. ఫ్యాషన్ పత్రికల సంపాదకురాలు డయానా వ్రీలాండ్ వాటికి పలాజో పైజామా అని పేరు పెట్టారు. ఈనాడు అందరి నోటా నానుతున్న పలాజో ప్యాంట్ల వంశం ఇటు నుంచి వచ్చిందే. ఆ తర్వాతి కాలంలో చిత్రకారుడు జూలియన్ ష్నాబెల్ పట్టు పైజామాలతోనే వీధుల్లోకీ సభలకూ వెళ్లి దాన్ని తన గుర్తుగా మార్చుకున్నారు. ఆయన వాటి మీద కోటు కూడా వేసుకుంటారు. నాకు ఆ పద్ధతి పెద్దగా నచ్చదు, కానీ ఆయన సోమరి అని ఎవరూ అనుకోరు, ఎందుకంటే అది ఎంచుకుని వేసుకున్నదని చూడగానే తెలుస్తుంది.

వ్యతిరేకత కూడా ఊరికే రాలేదు. 2010 జనవరిలో బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో ఒక సూపర్‌మార్కెట్, రాత్రి దుస్తులతో, కాళ్లకు ఏమీ లేకుండా లోపలికి రావద్దని నోటీసు పెట్టింది. అదే ఏడాది ప్రపంచ ప్రదర్శన జరగబోతోందని షాంఘై నగర అధికారులు పైజామాలతో వీధిలోకి రావద్దని ప్రచారం చేశారు. అక్కడ పైజామాలతో ఇరుగుపొరుగు వీధుల్లో తిరగడం చాలాకాలంగా మామూలు విషయం. 2020 జనవరిలో చైనాలోనే అన్హుయి రాష్ట్రంలోని సుజౌ అధికారులు ఇంకో అడుగు ముందుకేసి, పైజామాలతో బయట తిరిగినవారి ఫొటోలను నిఘా కెమెరాల నుంచి తీసి పేర్లతో సహా ఇంటర్నెట్‌లో పెట్టారు. జనం మండిపడితే క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. దుస్తుల మీద పట్టింపు ఉండవచ్చు కానీ దానికి ఈ శిక్ష ఏమిటన్నదే ఆ కోపం.

ఈ రెండు వరుసలను పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒక సంగతి తోస్తుంది. జనం మెచ్చిన చోటల్లా పైజామా ఒక సందర్భం కోసం, మంచి బట్టతో, వేరుగా కుట్టిన దుస్తు. అభ్యంతరం వచ్చిన చోటల్లా అది నిజంగా పడుకున్న బట్టే. అందువల్ల ముక్కుసూటి గారి మాటకు నా జవాబు ఏమిటంటే, బద్ధకం అనేది దుస్తు రకంలో ఉండదు, మార్చుకోకుండా వచ్చారా మార్చుకుని వచ్చారా అన్నదాంట్లో ఉంటుంది. రాత్రి వేసుకునే జత, బయటి జత ఎప్పుడూ ఒకటి కాకూడదన్న నియమం పెట్టుకుంటే మిగిలిన వాదనలో చాలా భాగం దానంతటదే పోతుంది.

తొమ్మిదోగంట

నీలిమబ్బు గారు ఆఫీసు సంగతి అడిగారు, దాని గురించి ఎవరూ ఇంకా చెప్పలేదు. నేను ఇలాంటి సెట్లను ఆఫీసుకు క్రమం తప్పకుండా వేసుకుంటాను, కానీ అన్ని రోజులూ కాదు. బయటివారితో సమావేశం ఉన్నా, ఎవరికైనా కష్టమైన మాట చెప్పవలసి ఉన్నా వేసుకోను. ఎదుటి మనిషి బిగువుగా తయారై వచ్చిన చోట మనం మరీ తీరిగ్గా కనిపిస్తే, మాట్లాడకముందే అది ఒక మాట అన్నట్టు అవుతుంది. మిగిలిన రోజుల్లో ముదురు రంగు, ప్రింటు లేని సెట్ ఎక్కడా ఇబ్బంది పెట్టదు. బొగ్గు రంగు, నేవీ, ముదురు గోధుమ, మీరు చెప్పిన ఆకుపచ్చ, ఇవన్నీ దూరం నుంచి సూట్ తరహాలోనే కనిపిస్తాయి. పై నుంచి కింది దాకా ఒకే రంగు పోవడం వల్ల మనిషి పొడవుగా కూడా అనిపిస్తారు. లేత గులాబీ, లేత నీలం, చిన్న పూలు, చిన్న చుక్కలు, ఇవి రాత్రి దుస్తులకు అలవాటైపోయిన రంగులూ ప్రింట్లూ కనుక ఆఫీసుకు దూరంగా ఉంచడం మంచిది. పెద్ద ప్రింటు ఉన్నవి చిన్న ప్రింటు ఉన్నవాటి కంటే బయటికి బాగా నప్పుతాయని నాకు అనిపిస్తుంది. దీనికి కారణం ఏమిటో సరిగ్గా చెప్పలేను కానీ అద్దంలో తేడా స్పష్టంగా తెలుస్తుంది.

పైపింగ్ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. ముదురు బట్ట మీద తెల్ల పైపింగ్ అంటే పైజామాకు సంతకం లాంటిది. బట్ట ఎంత మంచిదైనా, నడుము ఎంత చదునుగా కుట్టినా, ఆ తెల్ల గీత కనిపించగానే చూసేవారికి మంచమే గుర్తొస్తుంది. పైపింగ్ ఇష్టమైతే బట్ట రంగులోనే, ఒక ఛాయ ముదురుగా ఉన్నది తీసుకోవచ్చు. వీడియో కాల్స్ ఎక్కువగా ఉండేవారికి ఇది మరీ ముఖ్యం. తెర మీద కనిపించేది మెడ నుంచి ఛాతీ వరకే, అంటే సరిగ్గా కాలరు, పైపింగ్, జేబు ఉన్న చోటు. మీ చదునైన నడుము, మంచి బూట్లు అక్కడ ఎవరికీ కనపడవు, పైజామా ఆనవాళ్లు మాత్రమే చట్రంలో మిగులుతాయి. ఇంటి నుంచి పనిచేసే రోజు ఆ సెట్ వేసుకుంటే ఫరవాలేదనుకుంటాం కానీ, నిజానికి అది ఆఫీసులో కంటే తెర మీదే ఎక్కువ బెడిసికొడుతుంది.

శాటిన్‌ను కత్తెరమాట గారు కొంచెం తొందరగా కొట్టిపారేశారని నాకు అనిపించింది. పగటి వెలుతురులో ఆయన చెప్పింది నిజమే. సాయంత్రం, పసుపు దీపాల వెలుతురులో, ముదురు వైన్ రంగు శాటిన్ సెట్ ఎంతో అందంగా ఉంటుంది, అప్పుడు ఆ మెరుపే దాని బలం. అయితే కొంచెం మందమైన శాటిన్ కావాలి, దానితో పాటు జుట్టు చక్కగా దువ్వి కట్టుకోవాలి. మెత్తటి బట్ట, చెదిరిన జుట్టు రెండూ కలిస్తే ఫలితం ఏమిటో చెప్పనక్కర్లేదు.

దుస్తులు వదులుగా, మెత్తగా ఉన్నప్పుడు మిగిలినవన్నీ కొంచెం గట్టిగా, ఆకారంతో ఉండాలన్నది నేను పాటించే పద్ధతి. తోలు లోఫర్లు, మొన తేలిన ఫ్లాట్లు, పట్టీలు సన్నగా ఉన్న తోలు చెప్పులు, ఇవి ఏవైనా సరే. రబ్బరు చెప్పులు, ఇంట్లో వేసుకునే బొచ్చు చెప్పులు వద్దు. బ్యాగు కూడా కింద పెడితే కూలబడిపోయేది కాకుండా నిలబడేది అయితే మేలు. కోటు వేయాలనిపిస్తే నిలువుగా, నడుము నొక్కకుండా ఉన్నది వేయండి, బిగుతు కోటు లోపల వదులు చొక్కా ముద్దలు కడుతుంది.

చొక్కాను ప్యాంటులోకి దోపవచ్చా అని కొందరు అడుగుతుంటారు. వెనక ఎలాస్టిక్ ఉన్న ప్యాంటులోకి పూర్తిగా దోపితే కుచ్చుల మీద కుచ్చులు పడతాయి. ముందు కొంచెం దోపి వెనక వదిలేయడం కొందరికి నప్పుతుంది, నాకు నప్పదు.

నీలిమబ్బు

అందరికీ ధన్యవాదాలు. మీరు చెప్పినవన్నీ పెట్టుకుని రెండు సెట్లనూ పక్కపక్కన పరిచి చూశాను. విస్కోస్ ప్యాంటు వెనక చేయి పెడితే వేళ్లు తెలిసిపోతున్నాయి, నడుముకు చుట్టూ ఎలాస్టిక్ ఉంది, కాలరులో బక్రం లేదు, తెల్ల పైపింగ్ సరేసరి. అంటే నాకు వచ్చిన పరామర్శలన్నీ న్యాయమైనవే. పాతపుటలు గారు చెప్పిన రాత్రి జత, బయటి జత వేరుగా ఉండాలన్న నియమం ఇప్పటికే పాటిస్తున్నాను.

అయితే ఆ పూల ప్రింటు నాకు చాలా ఇష్టం, దాన్ని రాత్రి దుస్తుల్లో కలిపేయడానికి మనసొప్పడం లేదు. దర్జీ దగ్గర ఏమైనా సరిచేయించుకోవడానికి వీలుందా? చొక్కాను విడిగా జీన్సు మీద, ప్యాంటును విడిగా తెల్ల టీషర్టుతో వేసుకుంటే ఎలా ఉంటుంది? అలాగే, లినెన్ సెట్‌లో ప్యాంటు రంగు చొక్కా కంటే కొంచెం వెలిసినట్టు అనిపిస్తోంది. ప్యాంటు తొందరగా మాస్తుందని దాన్ని ఎక్కువసార్లు ఉతుకుతున్నాను. కారణం అదేనా?

కత్తెరమాట

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. అవును, కారణం అదే. ఒకే తాను నుంచి కత్తిరించిన రెండు ముక్కలైనా ఉతుకులు సమానంగా పడకపోతే రంగులు విడిపోతాయి. ముదురు రంగుల్లో అది తొందరగా కంటికి ఆనుతుంది. జతగా వేసుకోవాలనుకున్న రెండింటినీ ఒకటి మాయకపోయినా కలిపే ఉతకాలి, తిరగేసి, చన్నీళ్లలో, నీడలో ఆరేయాలి. విడివిడిగా ఎక్కువ వేసుకోవాలన్న ఆలోచన ఉంటే ముదురు రంగు కంటే లేత రంగు సెట్, లేదా ప్రింటు సెట్ తీసుకోవడం తెలివైన పని, వాటిలో ఛాయ తేడా అంతగా పట్టుబడదు.

మీ పూల సెట్‌ను కాపాడుకోవచ్చు. చొక్కా సంగతి సులభం. జీన్సు మీద, గుండీలు పెట్టుకోకుండా, లోపల బిగుతైన బనియన్ లాంటిది వేసుకుని, పైచొక్కాగా వాడండి. కింద మందమైన బట్ట ఉన్నప్పుడు పైన పలుచని విస్కోస్ ఉండడం దోషం కాదు, అదే దానికి సరైన చోటు. ప్యాంటును మాత్రం టీషర్టుతో విడిగా వేసుకోవద్దని నా సలహా. చొక్కా ఉన్నప్పుడు కనీసం జత అన్న భావన ఉంటుంది, అది కూడా తీసేస్తే మిగిలేది నైట్ ప్యాంటే.

దర్జీతో చేయించదగినవి కొన్ని ఉన్నాయి. నడుము దగ్గర ఎలాస్టిక్‌ను విప్పించి, ముందు భాగంలో బక్రం వేసిన చదును పట్టీ కుట్టించి, వెనక సగానికే ఎలాస్టిక్ మళ్లీ వేయించవచ్చు. అయితే ముందు కుచ్చులను సర్దడానికి పక్క కుట్లలో కొంత బట్ట లోపలికి తీయవలసి వస్తుంది. తుంటి దగ్గర బిగుతు అవుతుందేమో పిన్నులు పెట్టి, కూర్చుని చూసుకున్నాకే కత్తెర వేయనివ్వండి. పలుచదనానికి ప్యాంటు లోపల నడుము నుంచి మోకాలి కింద దాకా లైనింగ్ వేయించండి. లైనింగ్‌కు పాలిస్టర్ వద్దు. నూలు తన బరువులో దాదాపు 8 శాతం తేమను పట్టి ఉంచగలదు, విస్కోస్ అంతకంటే ఎక్కువే, పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు. ఎండాకాలం ఆ తేడా తొడలకు తెలుస్తుంది. పలుచని నూలు వాయిల్ సరిపోతుంది. దాన్ని ముందే ఒకసారి నీళ్లలో తడిపి ఆరేయాలి, లేకపోతే ఉతికాక లోపలి బట్ట ముడుచుకుని పై బట్టను లాగుతుంది. దర్జీకి ఇచ్చే ముందు ఈ పని మీరే చేసి ఇవ్వడం మంచిది, హడావిడిలో చాలామంది చేయరు.

పైపింగ్‌ను మొత్తం తీయించడం లాభసాటి కాదు. కాలరు పైపింగ్ రెండు పొరల మధ్య ఇరికించి కుట్టినది, దాన్ని తీయాలంటే కాలరు మొత్తం విప్పాలి, విస్కోస్‌కు పాత సూది రంధ్రాలు కనిపించే గుణం ఉంది. కాళ్ల అంచులకు, చేతుల అంచులకు, జేబు పైన ఉన్నది మాత్రం తేలికగా తీసేయవచ్చు. ఆ మూడు చోట్లా పోతే కాలరు చుట్టూ మిగిలింది అలంకారంలా కనిపిస్తుంది. తొమ్మిదోగంట గారు దీనికి ఒప్పుకుంటారో లేదో తెలియదు. వీడియో కాల్ విషయంలో ఆయన చెప్పింది మాత్రం ఇది చేసినా మారదు.

ఉతికేటప్పుడు జాగ్రత్త ఒకటి. విస్కోస్ తడిసినప్పుడు దాదాపు సగం బలం కోల్పోతుంది. నూలు, లినెన్ తడిలో ఇంకా గట్టిపడతాయి, ఇది వాటికి పూర్తిగా విరుద్ధం. కాబట్టి ఈ సెట్‌ను పిండి, మెలితిప్పి, తడి బరువుతో తీగ మీద వేలాడదీయవద్దు. తువ్వాలులో చుట్టి నొక్కి, పరిచి ఆరబెట్టండి. కొంచెం తడి ఉండగానే తిరగేసి ఇస్త్రీ చేయండి, ప్యాంటుకు ముందు మడత గీత పెట్టవద్దు, ఇంత మెత్తటి బట్టలో అది మధ్యాహ్నానికి వంకరగా మారుతుంది.

ఇదంతా చేయించే ముందు, తెల్ల గుడ్డ ముక్కను తడిపి నేవీ బట్ట లోపలి వైపు ఎవరికీ కనపడని చోట గట్టిగా రుద్ది చూడండి. గుడ్డకు నీలం అంటితే ప్రతి ఉతుకులో ఆ రంగు కాలరు పైపింగ్‌లోకి, మీరు కొత్తగా వేయించే తెల్ల లైనింగ్‌లోకి దిగుతుంది. అప్పుడు లైనింగ్ వాయిల్‌ను కూడా నేవీ రంగులోనే తీసుకోండి.